కాటన్ దొర సమాధి ఎక్కడుంది?

అందరికీ నమస్కారమండీ. మే 15 వచ్చిందంటే మన డెల్టాలో లాకుల దగ్గర, కాలవ గట్ల మీద, సెంటర్లలో ఉన్న గోదారి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర విగ్రహాలన్నిటికీ పుట్టినరోజు దండలు పడతాయి. గోదారి స్నానాల రేవులో సంకల్పం చెప్పించే పంతులుగారు ఆయన పేరు తలుచుకోవడం మీలో చాలామంది వినే ఉంటారు. ఇంతా చేసి, ఆయన్ని ఎక్కడ పూడ్చారని అడిగితే ధవళేశ్వరంలోనే కదా అనేవాళ్లు ఎక్కువ. కాదండీ, లండన్‌కి దక్షిణాన సర్రే కౌంటీలో డార్కింగ్ అనే ఊరుంది, ఆ ఊరి శ్మశానంలో. రిటైరయ్యాక అక్కడే స్థిరపడి, నేలని బాగా లోతుగా దున్నితే దిగుబడి ఎంత పెరుగుతుందో ముసలితనంలో కూడా ప్రయోగాలు చేసుకుంటూ, 1899 జులైలో 96 ఏళ్ల వయసులో పోయారు.

ఆ శ్మశానం కథే ఇవాళ చెబుదామనుకుంటున్నాను. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఎవరు పోయినా చాలావరకు చర్చి ఆవరణలోనే పూడ్చేవాళ్లు. జనం పెరిగారు గానీ స్థలం పెరగలేదు కదా, పాత గోతులు తవ్వి, అందులో ఎముకలు పక్కకి నెట్టి కొత్త శవాల్ని దించేవాళ్లు. ఆ కంపుకి తోడు 1848-49లో కలరా వచ్చి వేలమందిని పట్టుకుపోయింది. అప్పుడు కదిలింది పార్లమెంటు. 1852లో లండన్‌కి, మరుసటేడు మిగతా ఊళ్లకి చట్టం చేసి, నిండిపోయిన చర్చి ఆవరణలు మూయించి ఊరి బయట కొత్త శ్మశానాలకి దారి చేసింది. డార్కింగ్‌ది 1855లో మొదలైంది. 1852 అంటే మన ఆనకట్ట పూర్తయిన ఏడాదే!

అక్కడ ప్రార్థనా మందిరాలు రెండు. ఒకటి ఇంగ్లండ్ చర్చి వాళ్లకి, రెండోది ఆ చర్చిలో చేరని క్రైస్తవులకి. ఆ కాలపు శ్మశానాల్లో నేలని కూడా బిషప్ దీవించిన వైపు, దీవించని వైపు అని పంచేవాళ్లు. నవ్వకండి, మన ఊళ్లలో కులానికో శ్మశానం ఉంది.

కాటన్ కాకుండా అక్కడున్న పెద్ద పేరు జార్జ్ మెరెడిత్, నవలాకారుడు, కవి. 1909లో ఆయన పోతే, దేశంలోని మహామహుల్ని ఉంచే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటివ్వమని అభిమానులు అడిగారు, ఆ ఆబీకి పెద్ద అయిన డీన్ ఒప్పుకోలేదు. సంస్మరణ ప్రార్థన మాత్రం అక్కడే జరిపించి, అస్థికలు డార్కింగ్‌లో భార్య సమాధి పక్కన పెట్టారు. అస్థికలేంటి అంటారా? ఆయన్ని దహనం చేశారు మరి. ఇంగ్లండ్‌లో మొదటి దహనశాల కూడా ఆ సర్రేలోనే, వోకింగ్‌లో, 1885లో మొదలైంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు ముక్కల ఆనకట్టకీ కొండ రాయి కొట్టి, మోసి, నీళ్లలో దించిన వేలమంది కూలీల్లో ఒక్కరి సమాధి కూడా మనం చూపించలేం. కాటన్ పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్నగారి పేరే పిల్లల్లో ఎంతమందికి తెలుసు చెప్పండి. దొరకి ఇంకో విగ్రహం కడదామని చందా పుస్తకం పట్టుకొచ్చేవాళ్లతో నేను ఈ మాటే అంటాను, వాళ్లకి కోపం వస్తుంది, రానివ్వండి.

మీ పిల్లలెవరైనా లండన్‌లో ఉంటే, వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంటలో డార్కింగ్. కాటన్ దగ్గర దండం పెట్టి ఫోటో దిగి వచ్చేయకుండా మెరెడిత్ దంపతుల్ని కూడా చూసి రమ్మనండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి, టీ వచ్చేలోపు.