గేటు పక్క సైకస్‌ను మార్చాలంటే

శ్రోతలకు నమస్కారం. విజయవాడలో గానీ గుంటూరులో గానీ కాస్త పాత ఇళ్ల ముందు, గేటుకు రెండు పక్కలా సైకస్ మొక్కలు కనిపిస్తుంటాయి. కడియం నర్సరీ నుంచి కుండీలో వచ్చినప్పుడు ముద్దుగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆకులు దారికి అడ్డం పడి, వాటి మొనలు వచ్చేపోయేవాళ్ల చేతులు గీరేస్తాయి. అప్పుడు ఇంట్లో కొట్టేద్దామన్న మాట వస్తుంది. కొట్టకండి, ఇది కదిలించినా బతికే చెట్టే.

చూడ్డానికి ఫెర్న్‌లా, తాటి జాతిలా ఉన్నా ఇది రెండూ కాదు. పువ్వు పూయకుండానే గింజ కట్టే పురాతన వర్గం. మనం పెంచుకునేది జపాన్ దక్షిణ ప్రాంతానిది. దీని బంధువు ఒకటి మన శేషాచలం, కడప కొండల్లో ఉంది. దాన్ని మాత్రం అడవి నుంచి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోకండి, అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి.

ముందు మొదలు చుట్టూ చూడండి. చాలా ఇళ్లలో ఇరుకంతా పిలకల వల్లే. వాటిని తీసేసి, కింది వరస ఆకులు కోస్తే దారి వచ్చేస్తుంది. తీసిన పిలకల ఆకులు కత్తిరించి, వారం పాటు నీడలో ఆరనిచ్చి ఇసుకలో పెట్టండి. వేళ్లు రావడానికి నెలలు పడుతుంది, రోజూ పీకి చూడకూడదు.

మార్చక తప్పదనుకుంటే సంక్రాంతి వెళ్లాక, శివరాత్రిలోపు పెట్టుకోండి. ఎండలు ముదిరేలోపు వేళ్లు కాస్త సర్దుకుంటాయి. కింది ఆకులు కోసి, మిగిలినవి పైకి ఎత్తి తాడుతో కట్టండి. దూరం నుంచి చుట్టూ తవ్వుతూ వచ్చి, మట్టిగడ్డతో సహా గోనెపట్టాలో చుట్టి ఎత్తండి. బరువు మామూలుగా ఉండదు, నలుగురు మనుషులు కావాలి. తవ్వేటప్పుడు పై మట్టిలో పగడాల్లాంటి వేళ్ల గుత్తులు కనిపిస్తాయి. తెగులనుకుని కోసేస్తారు చాలామంది. వాటిలో గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందించే సూక్ష్మజీవులుంటాయి, వదిలేయండి.

అసలు ప్రమాదం కొత్త గుంటలో ఉంది. మనది చాలాచోట్ల నల్లరేగడి, నీరు పట్టుకుంటే వదలదు. మొదలు కుళ్లిపోతుంది. అందుకని ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, నేల మట్టం కంటే కాస్త ఎత్తుగా నాటండి. పాతచోట ఎంత లోతున ఉందో అంతే లోతు. నాటిన రోజు బాగా తడిపి, ఆపైన మట్టి ఆరాకే నీళ్లు. ఆ మొదటి వేసవి మధ్యాహ్నం ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టండి. నెలల తరబడి చిగురు లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. మొదలు నొక్కితే గట్టిగా ఉందా, చెట్టు ఉన్నట్టే.

చిగురు వస్తే ఒక్కసారే గుత్తిగా వస్తుంది. ఆ లేత ఆకుల మీద చిన్న నీలిరంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పురుగులు లోపల ఉండగానే చీమలు చేరతాయి, అదే గుర్తు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆకు గట్టిపడితే ఆ బెడద పోతుంది.

చివరగా ఒక్క జాగ్రత్త. ఆడ చెట్టుకు కాసే నారింజరంగు గింజలు విషం. పిల్లలున్న ఇంట్లో రాలకముందే ఏరేయండి. పెంపుడు కుక్క నమిలిందని తెలిస్తే, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నమస్కారం.