బొమ్మ ఒకరిది, ధర ఇంకొకరిది

(దృశ్యం: భీమవరం దగ్గర రొయ్యల చెరువు. గట్టు మీద కాటా, ప్లాస్టిక్ ట్రేలు, ఐసు లారీ.)

రొయ్యలు పట్టే రోజు గట్టు మీద ముందు చూసేది కౌంటు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు, దాన్ని బట్టే రేటు. డబ్బు చేతికి అందాక ఆ రొయ్య అమెరికాలో ఎంతకు అమ్ముడైనా రైతుకు పైసా రాదు. ఈ సంగతి డెల్టాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చిత్రకారుడి పరిస్థితీ ఇదే. కాకపోతే రొయ్య ఒక్కసారి తింటే అయిపోతుంది. బొమ్మ చేతులు మారుతూనే ఉంటుంది, మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు లాభపడతారు.

పేరున్న చిత్రకారులు కెమెరాల వెంట, వేలంపాటల వెంట ఎందుకు పడ్డారో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

(తెర మీద: 1962, లాస్ ఏంజెలెస్)

ఆ ఏడాది జులైలో ఫెరస్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ 32 బొమ్మలు పెట్టాడు. అప్పటిదాకా ఆయన ప్రకటనలకు బొమ్మలు గీసి బతికినవాడు. 32 బొమ్మలూ క్యాంప్‌బెల్ అనే కంపెనీ సూప్ డబ్బాలే, డబ్బా మీద రుచి పేరు ఒక్కటే మారుతుంది. ఒక్కోటి 100 డాలర్లు. జనం నవ్విపోయారు. దగ్గర్లోని ఇంకో గ్యాలరీ అసలు సూప్ డబ్బాలే అద్దాల వెనక పేర్చి ఎగతాళి చేసింది. చివరికి గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్ మొత్తం 32నూ వెయ్యి డాలర్లకు తానే కొన్నాడు, అదీ నెలకు వంద చొప్పున వాయిదాల మీద. 1996లో అవి న్యూయార్క్‌లోని మోమా మ్యూజియానికి చేరేసరికి విలువ సుమారు కోటిన్నర డాలర్లు. వార్హోల్ 1987లోనే చనిపోయాడు.

రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే చిత్రకారుడికి ఇదే అనుభవం బతికుండగానే ఎదురైంది. 1958లో 900 డాలర్లకు ఇచ్చిన బొమ్మను, 1973లో న్యూయార్క్ వేలంలో రాబర్ట్ స్కల్ అనే సేకర్త 85,000 డాలర్లకు అమ్మాడు. వేలం అయ్యాక రౌషెన్‌బర్గ్ కోపం పట్టలేక ఆయన్ని తోసేశాడు. నీకు మంచే జరిగింది కదా, ఇక నీ కొత్త బొమ్మల ధర పెరుగుతుంది అన్నది స్కల్ వాదన. నిజం చెప్పాలంటే ఆ మాటలో పస లేకపోలేదు. చిత్రకారుడి కడుపు మండడంలోనూ తప్పు లేదు.

(దృశ్యం: శుభలేఖలు అచ్చేసే ప్రెస్సు. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద రబ్బరు పట్టీతో రంగు లాగుతున్న చేతులు.)

పేరు పెరిగితేనే ధర పెరుగుతుందని తేలిపోయాక, ఆ పేరును పెంచే పని వేరేవాళ్లకు ఎందుకు వదలాలి? వార్హోల్ ముందే ఆ దారి పట్టాడు. 1969లో సొంత పత్రిక పెట్టాడు. టీవీ సీరియల్లో కూడా కనిపించాడు. 1970లలో డబ్బున్నవాళ్ల ముఖాలు గీసి ఇచ్చే పని పెట్టుకున్నాడు. పోలరాయిడ్ కెమెరాతో ఫొటోలు తీయడం, నచ్చినదాన్ని పెద్దది చేసి స్క్రీన్ మీదికి ఎక్కించడం, రంగు లాగడం. 40 అంగుళాల చదరానికి 25,000 డాలర్లు. పద్ధతి చూస్తే, తణుకులోనో పాలకొల్లులోనో శుభలేఖలకు చేసే స్క్రీన్ ప్రింటింగే. ఆ పాతిక వేలు చేతిపనికి ఇచ్చినవి కావు, వార్హోల్ చేత గీయించుకున్నామని చెప్పుకోవడానికి ఇచ్చినవి.

డేమియన్ హర్స్ట్ అనే బ్రిటిష్ కళాకారుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. 2008 సెప్టెంబరు 15, 16 తేదీల్లో 223 కొత్త కృతులను గ్యాలరీలను దాటేసి నేరుగా లండన్‌లో సోథెబీస్ అనే వేలం సంస్థలో పాటకు పెట్టాడు. 11 కోట్ల పౌండ్లకు పైగా వచ్చింది. సరిగ్గా ఆ 15వ తేదీనే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది! తర్వాతి కాలంలో హర్స్ట్ బొమ్మల ధరలు బాగా దిగాయి. గట్టు రేటు తానే నిర్ణయించుకున్న రైతును అప్పుడు కొన్నవాళ్లు ఏమనుకుని ఉంటారో మరి.

(దృశ్యం: రాజమండ్రి, దామెర్ల రామారావు చిత్రశాల.)

మన వైపు చూద్దాం. దామెర్ల రామారావు 1897లో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి, 1925లో మశూచితో పోయాడు. 28 ఏళ్లు నిండనే లేదు. ధర సంపాదించుకునే వ్యవధి లేదు, పేరు చాటుకునే వ్యవధి అంతకన్నా లేదు. బొమ్మలు ఇక్కడే ఉన్నాయి, వెళ్లి చూడవచ్చు.

1933లో నరసాపురంలో పుట్టిన బాపు దారి వేరు. కార్టూన్లు, కథల బొమ్మలు, ముఖచిత్రాలు, యాడ్ ఏజెన్సీ ఉద్యోగం, సినిమాలు. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. ఒక్క బొమ్మకు ఒక్కడే యజమాని అన్న వేలంపాట సూత్రానికి ఇది పూర్తిగా ఎదురు. వీక్లీ కొన్న ప్రతి ఇంటికీ ఆయన బొమ్మ చేరింది. నన్నడిగితే అచ్చునూ ప్రచారాన్నీ వార్హోల్ కన్నా హుందాగా వాడుకున్నది బాపూయే. అయితే అక్కడా చిత్రకారుడికి ఇచ్చేది ఒక్కసారే.

(తెర మీద: కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 53ఎ)

చేతులు మారినప్పుడల్లా గీసినవాడికి వాటా ఇవ్వాలని ఫ్రాన్స్ 1920లోనే చట్టం చేసింది. మన చట్టంలోనూ ఆ మాట ఉంది. బొమ్మ మారు అమ్మకంలో 10,000 రూపాయలు దాటితే చిత్రకారుడికి, ఆయన తదనంతరం వారసులకు వాటా రావాలి, అది 10 శాతం మించకూడదు. ఒకరి డ్రాయింగ్ రూములోంచి ఇంకొకరి డ్రాయింగ్ రూములోకి బొమ్మ వెళ్తే ఆ కబురు గీసినవాడికి చెప్పేదెవరు అన్నది వేరే ప్రశ్న.

ఇంకో మెలిక ఉంది. అమలాపురంలోనో రావులపాలెంలోనో కూర్చుని ఆర్డర్ల మీద బొమ్మలు వేసే కుర్రవాళ్లు ఇది జాగ్రత్తగా వినాలి. ఆ వాటా మొదటి కాపీరైట్ తన పేర ఉన్నవాడికే. ఎవరైనా డబ్బిచ్చి తమ రూపచిత్రం గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ మొదటి కాపీరైట్ గీయించుకున్నవాళ్లది. కాబట్టి అడ్వాన్సు తీసుకునే రోజునే, హక్కు నాదేనని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టించుకోండి.