చే గువేరా టీషర్ట్ ఆరు నెలలు వాడాను, నా రివ్యూ ఇదీ

హాయ్ అండీ అందరికీ. ఆర్కే బీచ్‌లో కూర్చుని షూట్ చేస్తున్నాను, వెనకాల అలల సౌండ్ వస్తాది, కొంచెం సర్దుకోండి. ఇదిగోండి, క్యూబా విప్లవంలో పోరాడిన చే గువేరా బొమ్మున్న టీషర్ట్. జగదాంబ దగ్గర ఒక షాపులో 399కి కొనీసాను, ఆరు నెలలైంది.

ముందు బట్ట సంగతి. కాటన్ అన్నారు గానీ మన వైజాగ్ ఉక్కకి ఒంటికి అతుక్కుపోతుంది, నాలుగో ఉతుక్కే గడ్డం దగ్గర ప్రింట్ పెచ్చులు లేచింది, మెడ సాగిపోయింది. పదికి నాలుగు.

ఇప్పుడు బొమ్మ. దీని కథ తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. 1960 మార్చి 4న క్యూబా రాజధాని హవానా హార్బర్‌లో ఆయుధాలు తెచ్చిన ఓడ పేలిపోయి చాలామంది చనిపోయారు. హార్బర్ ఊర్లో పుట్టినోళ్ళం కదా, ఆ మాట వింటేనే గుండె జల్లుమంటుంది. మర్నాడు సంతాప సభలో చేని ఆల్బెర్టో కోర్డా అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో ఇది, అంటే ఆ చూపు స్టైల్ కోసం పెట్టింది కాదండీ, చావులు చూసొచ్చిన మనిషి చూపు. చే చనిపోయాక జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఐరిష్ ఆర్టిస్ట్ దాన్ని ఎరుపు నలుపు పోస్టర్ చేశాడు, అక్కణ్ణించి కప్పులు, కీచైన్లు, టీషర్ట్‌లు, లెక్కే లేదు. కోర్డా రాయల్టీ అడగలేదు. కానీ వోడ్కా యాడ్‌లో వాడేసరికి 2000లో కేసు వేశాడు, వచ్చిన 50,000 డాలర్లు క్యూబాలో వైద్యానికి ఇచ్చేశాడు. ఆ మనిషంటే నాకు చాలా గౌరవం.

మరి నేనెందుకు కొన్నాను? మాల్‌లో అందరూ ఒకే బ్రాండ్ వేసుకుంటున్నారు, నేను అలా కాదని చూపించడానికి. అంటే కొనడం మీద కోపాన్ని కూడా కొనే చూపించాను. 2011లో పటగోనియా అనే కంపెనీ అమెరికాలో పెద్ద సేల్ రోజున ‘ఈ జాకెట్ కొనకండి’ అని పేపర్లో యాడ్ ఇచ్చింది, ఒక్క జాకెట్‌కి 135 లీటర్ల నీళ్ళు పడతాయని కూడా రాసింది, నిజాయితీగానే రాశారని నా నమ్మకం, అయినా తర్వాత అమ్మకాలు పెరిగాయి.

మన దగ్గర ఖద్దరు చూడండి. స్వదేశీ ఉద్యమంలో విదేశీ బట్టలు తగలబెట్టినోళ్ళు వేరే షాపుకి పోలేదు, రాట్నం ముందు కూర్చున్నారు. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి శుభ్రం చేస్తారు, ఎంత ఓపిక కావాలో చూడండి. ఈ టీషర్ట్ మీద విసుగొచ్చి నేను పొందూరు చొక్కా కొన్నాను, బట్ట అద్భుతం, డబ్బులు చేతితో పని చేసినోళ్ళకి పోతాయి, కానీ బీరువాలో అప్పటికే పదకొండు చొక్కాలున్నాయండీ. నాన్నగారు మాత్రం కాలర్ అరిగితే పూర్ణా మార్కెట్ టైలర్ దగ్గరికెళ్ళి తిప్పించుకుని ఇంకో రెండేళ్ళు వేసేవారు, దానికో పేరు కూడా పెట్టలేదు.

కాబట్టి లింక్ పెట్టట్లేదు, అడగొద్దు ప్లీజ్. మీ దగ్గర ఆల్రెడీ ఉంటే తిరగేసి చల్లనీళ్ళలో ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టకండి. నాది మెడ కుట్టించడానికి ఇస్తున్నాను, చిరిగాక బండి తుడుస్తాను.