మన పేజీకి ఎంత తెర కావాలి?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది డీటీపీ చేసేవాళ్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు, అనువాదకులు. రోజుకు ఎనిమిది, పది గంటలు తెలుగు అక్షరాల్ని తెర మీద చూస్తూ గడిపేవాళ్లం. కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని పదిమందిని వాకబు చేస్తాం. మానిటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఎన్ని అంగుళాలు?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తాం. ఆ ఒక్క ప్రశ్నతో కొని నేను రెండేళ్లు అవస్థ పడ్డాను. ఈ విషయం మీద మాట్లాడతానని నేనే అడిగింది అందుకే.

2010లో నా పాత మానిటర్ పోయింది. 17 అంగుళాలది, చూడ్డానికి దాదాపు చదరంగా ఉండేది. షాపతను 18.5 అంగుళాల వైడ్ మానిటర్ చూపించి, "ఒకటిన్నర అంగుళం పెద్దది సార్, రేటు కూడా అందుబాటులోనే ఉంది" అన్నాడు. సంతోషంగా తెచ్చుకుని, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తెరిచాను. ముందు రోజు వరకు నిండుగా కనిపించిన డెమ్మీ 1/8 (మామూలు పుస్తకం సైజు) పేజీ అడుగు భాగం తెర కిందికి పోయింది. అటూ ఇటూ బోలెడంత ఖాళీ, పేజీకి మాత్రం చోటు లేదు.

షాపతను అబద్ధం చెప్పలేదు. మానిటర్ సైజును ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలుస్తారు. నా పాత దాని వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 5:4. వెడల్పు సుమారు 33.7 సెంటీమీటర్లు, ఎత్తు 27. కొత్తది 16:9. వెడల్పు 41, ఎత్తు 23 మాత్రమే. ఐమూల కొలత పెరిగింది, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. తెర మీది చుక్కల, అంటే పిక్సెళ్ల లెక్కలో ఇంకా ఘోరం. పాత తెరలో నిలువునా 1024 పిక్సెళ్లుంటే కొత్తదాంట్లో 768. సరిగ్గా నాలుగోవంతు పోయింది.

మరి ఏం చేస్తాం? పేజీ మొత్తం కనబడాలి కాబట్టి 75 శాతానికి తగ్గించి పని చేయడం మొదలుపెట్టాను. అక్కడే దెబ్బ తిన్నాను. ఒక కథల పుస్తకంలో "ఆ వీధి మారలేదు" అన్న వాక్యం "ఆ విధి మారలేదు" అని అచ్చయిపోయింది. 75 శాతంలో గుడి, గుడిదీర్ఘం ఒకేలా ఉన్నాయి. ఆ చిన్న కొక్కెం రెండు మూడు పిక్సెళ్లలో కలిసిపోయింది. రెండూ మంచి మాటలే కాబట్టి ఏ స్పెల్ చెకరూ పట్టుకోదు. ఆ రచయిత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఆ పేజీ తెరవడానికి ఇప్పటికీ మనసొప్పదు.

మన లిపికి నిలువునా చోటు ఎక్కువ కావాలి. అక్షరం పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి. కింద వత్తులుంటాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం రాసి చూడండి, పైన దీర్ఘం, కింద తవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. అందుకే అదే సైజు ఇంగ్లీషు లైన్ల కంటే తెలుగు లైన్ల మధ్య ఎడం ఎక్కువ ఇస్తాం. అంటే ఒకే ఎత్తున్న తెరలో ఇంగ్లీషు కంటే తెలుగు తక్కువ లైన్లు పడతాయి. పైగా థ, ధల మధ్య తేడా కడుపులో ఒక చుక్క. ద, ధల మధ్య తేడా కింద ఒక చిన్న గీత. పేజీ పట్టడం లేదని అక్షరాన్ని కుదించడం మొదలుపెడితే ముందుగా మాయమయ్యేవి ఇవే.

అసలు తెరలు ఇలా అడ్డంగా ఎందుకు సాగాయి? 2008 నుంచి 2010 లోపు ఈ మార్పు గట్టిగా జరిగింది. అంతకుముందు వైడ్ మానిటర్లంటే ఎక్కువగా 16:10 ఉండేవి. టీవీలు 16:9కి వెళ్లాయి. ప్యానెళ్లను పెద్ద పెద్ద గాజు పలకల నుంచి కోస్తారు. టీవీకీ మానిటర్‌కీ ఒకే నిష్పత్తి ఉంటే తయారీదారులకు వృథా తక్కువ, ఖర్చు తక్కువ. అలా టీవీ ఆకారం మన బల్ల మీదికి వచ్చింది. కానీ మనం రోజంతా చూసేది పేజీని, పేజీ నిలువుగా ఉంటుంది.

అందుకని నా సలహా ఒకటే. కొనబోయే మానిటర్ ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో ముందు అడగండి. షాపులో చెప్పలేకపోతే టేపు పెట్టి కొలవండి. నేను ఒక ఎ4 కాగితం జేబులో పెట్టుకుని వెళ్తాను. దాని ఎత్తు 29.7 సెంటీమీటర్లు. 24 అంగుళాల మామూలు వైడ్ మానిటర్ ఎత్తు 29.9. కాగితం సరిగ్గా పట్టేసినట్టు అనిపిస్తుంది, కానీ పైన మెనూలు, రూలరు, కింద టాస్క్‌బార్ కలిపి మూడు నాలుగు సెంటీమీటర్లు తినేస్తాయి. వింటే ఆశ్చర్యపోతారు, పాతకాలం 19 అంగుళాల 5:4 మానిటర్ ఎత్తు 30.1 సెంటీమీటర్లు. మీ ఆఫీసులో అది ఇంకా పని చేస్తుంటే, 24 అంగుళాల వైడ్ కొంటే ఎత్తు ఏమీ కలిసిరాదని తెలుసుకోండి.

అదే 24 అంగుళాల్లో 16:10 దొరికితే ఎత్తు 32.3కి వస్తుంది, నిలువునా 1200 పిక్సెళ్లుంటాయి. షాపుల్లో అరుదుగా కనిపిస్తుంది, కాస్త ఖరీదెక్కువ, అయినా చిన్న బల్ల ఉన్నవాళ్లకు నేను దాన్నే చెబుతాను. 27 అంగుళాల 16:9 ఎత్తు 33.6. మెనూలు పోగా ఎ4 పేజీ దాదాపు అసలు సైజులో నిలబడుతుంది, వెడల్పు 59.8 కాబట్టి పక్కపక్కన రెండు పేజీలు పెట్టుకున్నా ఇంకా దాదాపు 18 సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ చోట్లో టూల్స్ ఉండే ప్యాలెట్లన్నీ సర్దుకుంటాయి. పత్రికల పేజీలు కట్టేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది.

అయితే 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీది మాత్రం కొనకండి. 24 అంగుళాల్లో ఉన్న 1920 x 1080 పిక్సెళ్లనే సాగదీసినట్టు అవుతుంది. అంగుళానికి 92 పిక్సెళ్లుండేవి 82కి పడిపోతాయి. వత్తుల అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి. 27లో అయితే క్యూహెచ్‌డీ, అంటే 2560 x 1440 తీసుకోండి. అంగుళానికి 109 పిక్సెళ్లు. 4కే, అంటే 3840 x 2160 అయితే 163, అక్షరం అచ్చు కాగితం మీద చూసినట్టే ఉంటుంది. మరి అందరూ 4కే కొనాలా? ఇక్కడ కొంచెం ఆగాలి. 4కేలో విండోస్‌ను 150 శాతానికి పెంచుకోవాలి, లేకపోతే మెనూలు చీమల్లా ఉంటాయి. అలా పెంచితే పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ మసకగా కనబడుతుంది. మనలో చాలామంది పాత ఫాంట్లతో ఇంకా అందులోనే పని చేస్తున్నాం. వాళ్లకు క్యూహెచ్‌డీయే మేలు. ఇన్‌డిజైన్‌కు మారిపోయినవాళ్లు 4కే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. కొనేముందు కంప్యూటర్ వెనక మానిటర్ కేబుల్ గుచ్చే పోర్టు మాత్రం చూసుకోండి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేకి సెకనుకు 30 ఫ్రేములే పంపుతుంది, మౌస్ కదిలిస్తే బాణం ఈడ్చుకుంటూ వస్తుంది.

అల్ట్రావైడ్, అంటే మరీ వెడల్పాటి మానిటర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 33.3 సెంటీమీటర్లు. అంటే 27 అంగుళాల దాని ఎత్తే, పక్కలకి మాత్రం పెరిగింది. ఎక్సెల్‌లో నిలువు వరసలు ఎక్కువున్న ఆడిటర్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు అది వరం. పేజీలు చేసే మనకు ఆ డబ్బు దండగ.

ఈమధ్య 3:2 నిష్పత్తిలో 28.2 అంగుళాల మానిటర్లు ఒకటి రెండు వచ్చాయి. వెడల్పు 27 అంగుళాల దానంత, ఎత్తు 32 అంగుళాల దానంత. చూసినప్పుడు పాత 17 అంగుళాల మానిటర్ పెద్దదై తిరిగొచ్చినట్టు అనిపించింది. ధర ఇంకా మనలాంటివాళ్లకు అందేలా లేదు. ఇలాంటివి ఇంకా రావాలని నా కోరిక.

ఖర్చు తగ్గాలంటే ఇంకో దారి ఉంది. 24 అంగుళాల మానిటర్లు రెండు తీసుకుని ఒకదాన్ని నిలువుగా తిప్పండి. అప్పుడు ఎత్తు 53 సెంటీమీటర్లు. ప్రూఫు లైన్లు ఒకేసారి ఎన్ని కనబడతాయో! అనువాదకులు మూలాన్ని నిలువు దాంట్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్నదాంట్లో తెలుగు రాసుకోవచ్చు. నిలువుగా తిప్పేది, పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెలే అయ్యుండాలి. చవకరకం టీఎన్ ప్యానెల్ తిప్పితే ఒక్కో కంటికి ఒక్కో ఛాయ కనబడి గంటలో తలనొప్పి వస్తుంది. స్టాండు తిరుగుతుందో లేదో, ఎత్తు మారుతుందో లేదో కూడా చూడండి. స్టాండుకు ఆ వీలు లేకపోతే వెనక 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మర చిల్లులున్నాయా చూడండి. ఉంటే ఆర్మ్ బిగించుకోవచ్చు.

చివరగా, మన మెడల గురించి. మన డీటీపీ సెంటర్లలో చాలా బల్లల లోతు ఒకటిన్నర అడుగే. అంత దగ్గర్లో 32 అంగుళాలు పెడితే రోజంతా తల తిప్పుతూనే ఉండాలి. కంటికీ తెరకూ మధ్య చేయి చాచినంత దూరం ఉండాలి, తెర పై అంచు కంటి ఎత్తు దాటకూడదు. నలభై దాటి, దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో చూసే ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నవాళ్లు ఇంకా కిందికి దించాలి. లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతూ ఉంటాం. నా మెడనొప్పికి ఏడాది పాటు మందులు వాడాక తెలిసింది ఇదీ. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మీ కంటి నుంచి తెరకు ఎన్ని సెంటీమీటర్లో ఇంట్లోవాళ్లతో కొలిపించి ఆ అంకె చెప్పండి. ఆ దూరానికి తగ్గ అద్దాలు విడిగా రాసిస్తారు.

అదిగో, ఆ మూల బల్ల మీద నా 24, 27 అంగుళాల మానిటర్లు పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ ఒకే పేజీ ఉంది. అందులో పన్నెండు చోట్ల వి బదులు వీ, ధ బదులు థ కావాలనే పెట్టాను. టేపు, ఎ4 కాగితాలు కూడా ఉన్నాయి. మీరు రోజూ పెట్టుకునే అద్దాలతోనే వచ్చి కూర్చోండి. ఏ తెర మీద ఎన్ని దొరికాయో లెక్క రాసుకోండి.