మూలిగేదాకా ఆగవద్దు

మీ ఇంటి రోగుల నొప్పి కోసం ఆదోని, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి కర్నూలు దాకా వచ్చారు, అందుకే నేరుగా నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర దగ్గరికే వస్తాను. మార్ఫిన్ రాసిన ప్రతిసారీ ఇంటివాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "అయితే ఇక ఆఖరి రోజులేనా డాక్టరుగారూ?" కాదమ్మా. రోగికి ఎంత నొప్పి ఉందో చూసి ఇచ్చే మందు ఇది. ఆయుష్షు లెక్కతో దీనికి సంబంధం లేదు.

ఆ భయంతోనే మాత్రను అలమరలో దాచి, మనిషి నొప్పితో మెలికలు తిరిగాక ఇస్తారు. మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. ఆ తర్వాత తిరగబెట్టిన నొప్పిని అణచడం చాలా కష్టం. అందుకే డాక్టరు రాసిన వేళకు, గడియారం చూసి ఇవ్వండి. చాలకపోతే మాకు చెప్పండి, మీరే పెంచవద్దు. ఒక్కసారిగా మానేయనూ వద్దు. మూత్రపిండాల జబ్బుంటే, మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి. నిద్రమాత్రలు కలిపితే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి రోజుల వికారం, మగత చాలామందిలో తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. నొప్పి తగ్గినా, కేవలం దీనివల్ల మందు మానేసిన వాళ్లను చూసి నా మనసు కలుక్కుమంది. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి.

కొందరికి మార్ఫిన్ లాంటిదే మరో నొప్పి మందు, ఫెంటానిల్, ఒంటికి అంటించే పట్టీగా ఇస్తాం; అది సాధారణంగా 72 గంటలు ఉంటుంది. వేడి తగిలితే అందులోని మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది. మన మే నెల ఎండలో రోగిని రేకుల కప్పు కింద పడుకోబెట్టకండి, పట్టీ మీద కాపడం పెట్టకండి. జ్వరం వస్తే ఫోను చేయండి. తీసేసిన పట్టీలోనూ మందు మిగిలే ఉంటుంది, పసిపిల్లల చేతికి చిక్కకూడదు.

పిలిస్తే పలకకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే 108కి ఫోను చేయండి. ఈ మందులు ఎక్కువైతే ఇవ్వడానికి నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతోంది. మార్ఫిన్ పుట్టేది అందులోంచే. 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి, ఆసుపత్రులకు ఈ మందు తెప్పించుకోవడం సులువు చేశారు. ఇంత ఉండీ మన పల్లెలో ఒక తల్లి రాత్రంతా మూలుగుతూ ఉండడం నేను ఒప్పుకోలేను.

మందుల చీటీలు తెచ్చినవారు ముందుకు రండి. ఏ మాత్ర ఏ వేళకో ఒక్కొక్కరికీ రాసిస్తాను.