వాచీ చెప్పేదొకటి, ఊపిరి చెప్పేదొకటి

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: ఫిజియాలజీ అధ్యాపకురాలు, విజయనగరం నుంచి వచ్చిన కోచ్)

యాంకర్: పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్తే కానిస్టేబుల్ పరుగుకి తయారయ్యే పిల్లలు కనిపిస్తారు. చేతికి స్మార్ట్ వాచీ, "ఇవాళ ఇంత ఫ్యాట్ కరిగింది" అన్న మాట. మేడమ్, ఆ సంగతి వాచీకి ఎలా తెలుస్తుందండీ?

అధ్యాపకురాలు: తెలీదండీ. గుండె వేగం, బరువు, వయసు చూసి అది అంచనా కడుతుంది, అంతే. చక్కెర ఎంత, కొవ్వు ఎంత అన్నది తేలాలంటే ఊపిరిని కొలవాలి. గ్లూకోజ్ ఖర్చయితే ఆరు పాళ్లు ఆక్సిజన్ తీసుకుని ఆరు పాళ్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. వదిలినదాన్ని తీసుకున్నదానితో భాగిస్తే నిష్పత్తి 1. కొవ్వుకైతే, పామాయిల్లో ఉండే పామిటిక్ ఆమ్లం తీసుకోండి, 23 పాళ్లు ఆక్సిజన్ కావాలి, బయటికొచ్చేది 16. ఇది 0.7. మన ఊపిరి ఈ రెండిటి మధ్య ఎక్కడుందో చూస్తే ఒంట్లో ఏది ఎక్కువ ఖర్చవుతోందో తెలుస్తుంది.

కోచ్: పరీక్ష ఎలా చేస్తారు మేడమ్?

అధ్యాపకురాలు: రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రమ్మంటాం. మంచం మీద పడుకోబెట్టి, తల మీద పారదర్శకమైన గుడారంలాంటిది వేస్తాం, దానిలోంచి వచ్చే ఊపిరిని మిషన్ కొలుస్తుంది. మొదటి అయిదు నిమిషాల రీడింగులు లెక్కలోకి తీసుకోం, కొత్త మనిషికి టెన్షన్ ఉంటుంది కదా. తర్వాత నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తీసుకుని 200 కార్బన్ డయాక్సైడ్ వదిలారనుకోండి, నిష్పత్తి 0.8. 1949లో వీర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంలో ఆ అంకెలు వేస్తే, కదలకుండా పడుకున్నా రోజుకి 1,740 కేలరీల దాకా ఖర్చని వస్తుంది.

యాంకర్: మరి మెల్లగా నడిస్తేనే కొవ్వు కరుగుతుందంటారు?

అధ్యాపకురాలు: అందులో కొవ్వు వాటా ఎక్కువ, నిజమే. కానీ మొత్తం ఎంతో చూడాలిగా. నడకలో నిమిషానికి 4 కేలరీలు, అందులో 60 శాతం కొవ్వు అనుకుందాం, 2.4 వస్తుంది. పరుగులో 10 కేలరీలు, కొవ్వు 35 శాతమే అయినా 3.5. అదీ కాక, పొద్దున్న కొవ్వు ఎక్కువ వాడిన ఒళ్లు సాయంత్రం చక్కెర ఎక్కువ వాడొచ్చు. రోజంతటి తిండి, ఖర్చు కలిపి చూడకుండా ఒంట్లో కొవ్వు తగ్గిందని చెప్పలేం.

కోచ్: నా బాధ అదే. 1600 మీటర్లు పరిగెత్తాల్సిన పిల్లలు ఫ్యాట్ కరగాలని అన్నం మానేస్తున్నారు. ఆ పరుగుకి ముఖ్యంగా కావలసింది కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే చక్కెర నిల్వ. అది తక్కువైతే చివరి రౌండ్లో కాళ్లు రావు. చోడి (రాగి) అంబలైనా తాగి రండి అని బతిమాలుతున్నాను. మేడమ్, ఇంకో సందేహం. మా వైపు కొండవెలగాడ అంటే వెయిట్‌లిఫ్టింగే. బరువులెత్తే పిల్లలకీ ఈ ఊపిరి పరీక్ష పనికొస్తుందా?

అధ్యాపకురాలు: ఎత్తే ఆ కొన్ని సెకన్ల లెక్క దీనికి దొరకదు. అక్కడ శక్తి ముందు కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ, క్రియేటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థాల నుంచి వస్తుంది, ఆక్సిజన్ కోసం ఆగదు. గట్టిగా కష్టపడ్డప్పుడు ఇంకో చిక్కుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దాన్ని రక్తంలోనే ఉండే బైకార్బొనేట్ అనే క్షార పదార్థం అణచేటప్పుడు అదనంగా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. నిష్పత్తి 1.1 దాటుతుంది. అది చూసి కొవ్వు అసలు వాడలేదు అనేస్తే తప్పు. మిషన్ అంకె సరైనదే, మనం చదివిన తీరే సరికాదు.

యాంకర్: అయితే మిషన్ లేని పిల్లలకి దారేమిటి?

అధ్యాపకురాలు: పరిగెత్తుతూ పక్కనున్నవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే కొవ్వు బాగానే వాడుకునే వేగంలో ఉన్నట్టు. రెండు మాటలకే ఆయాసం వస్తే చక్కెర వైపు జరిగారన్నమాట.

కోచ్: వారంలో ఎక్కువ రోజులు ఆ మాట్లాడగలిగే వేగంలోనే పరిగెత్తించి, వేగం సాధన వేరే రోజు పెట్టుకుంటాం. ఆ రోజు మాత్రం ఖాళీ కడుపుతో వస్తే మైదానంలోకి రానివ్వను.