ఓటు లేనివాళ్ల పద్దు: స్కాట్లాండ్ విదేశీ ఖర్చుకు లెక్క అడిగేదెవరు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం మన కబుర్లు ఎడిన్‌బరో నుంచి. అక్కడి హోలీరూడ్‌లో, అంటే స్కాట్లాండ్ పార్లమెంటులో ఒక కమిటీ ఉంది. స్కాట్లాండ్ ప్రభుత్వం బయటి దేశాల్లో పెట్టే ఖర్చుకు లెక్క అడగడం దాని పనుల్లో ఒకటి. మనతో ఉన్న అక్క ఎడిన్‌బరోలోనే ఉంటారు. ఒక స్వచ్ఛంద సంస్థలో అకౌంట్స్ చూస్తారు. ఆ కమిటీ సమావేశాలను శ్రద్ధగా ఫాలో అవుతుంటారు. అక్కా, మొదట నాకున్న పెద్ద డౌట్ అడిగేస్తాను. స్కాట్లాండ్ విడి దేశం కాదు కదా, విదేశాంగం లండన్ చేతిలోనే ఉంటుంది. మరి వీళ్లకు ఈ పద్దు ఎక్కడి నుంచి వచ్చింది?

అతిథి: అసలు గొడవంతా అక్కడే ఉంది తమ్ముడూ. 1998 నాటి స్కాట్లాండ్ చట్టం ఐదో షెడ్యూలు తీస్తే అంతర్జాతీయ సంబంధాలు వెస్ట్‌మినిస్టర్‌వే, అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటువే అని రాసి ఉంటుంది. మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో, కేంద్ర జాబితాలో పదో అంశంగా విదేశీ వ్యవహారాలు లేవూ, అలాగన్నమాట. కానీ ఆ ఐదో షెడ్యూల్లోనే ఒక మినహాయింపు ఉంది. అంతర్జాతీయ ఒప్పందాల వల్ల వచ్చిన బాధ్యతల్ని పాటించడం, అమలు చేయడం, ఈ విషయాల్లో బ్రిటన్ మంత్రులకు సాయపడటం, ఇవి స్కాట్లాండ్ ప్రభుత్వం చేసుకోవచ్చు. పైగా చదువులు, సంస్కృతి, పర్యావరణం వీళ్ల చేతిలో ఉన్నాయి. వాటికోసం బయటివాళ్లతో మాట్లాడక తప్పదు కదా. పార్లమెంటు మొదలైన 1999లోనే బ్రస్సెల్స్‌లో ఆఫీసు తెరిచారు. తర్వాత వాషింగ్టన్, బీజింగ్. ఆ తర్వాత డబ్లిన్, బెర్లిన్, పారిస్, ఒట్టావా. 2022లో కోపెన్‌హాగన్. లండన్ ఆఫీసును కూడా ఈ లెక్కలోనే వేస్తారు.

హోస్ట్: ఇవి ఎంబసీలు కావు కదా?

అతిథి: కావు. కొన్నయితే బ్రిటిష్ ఎంబసీ భవనంలోనే ఉంటాయి. ఆఫీసులు ఒక ఎత్తు. అభివృద్ధి సాయం ఇంకో ఎత్తు. ఆఫ్రికాలోని మలావీ, జాంబియా, రువాండాలు ఇప్పటి భాగస్వాములు. మలావీతో 2005 నవంబరులో సంతకాలు అయ్యాయి. అప్పటి ఫస్ట్ మినిస్టర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న జాక్ మెక్‌కానెల్, మలావీ అధ్యక్షుడు బింగు వా ముతారికా చేశారు. ఈ బంధం పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా అంతా తిరిగిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ కాలం నాటిది. ఆయన పుట్టిన స్కాట్లాండ్ ఊరు బ్లాంటైర్. మలావీలోని పెద్ద నగరానికి కూడా ఆ పేరే పెట్టారు. హోలీరూడ్‌లో కమిటీలు కూర్చునే గదుల్లో ఒకదానికి ఆయన పేరుంది.

హోస్ట్: డబ్బు విషయానికి వద్దాం. ఎంత?

అతిథి: స్కాట్లాండ్ ప్రభుత్వ బడ్జెట్ ఇంచుమించు 6,000 కోట్ల పౌండ్లు అనుకో. అంతర్జాతీయ అభివృద్ధి నిధి చాలా ఏళ్లపాటు ఏడాదికి కోటి పౌండ్లు. ఆరు వేలలో ఒక్కటి. దాన్ని కోటిన్నర చేస్తామని స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) 2021 ఎన్నికలప్పుడు మాటిచ్చింది. పెంపు మాత్రం ఒకేసారి కాకుండా విడతలుగా మొదలైంది. తుపానులు, కరువులు వచ్చినప్పుడు ఇచ్చే అత్యవసర నిధి ఏడాదికి 10 లక్షల పౌండ్లు.

హోస్ట్: ఏమీ అనుకోవద్దక్కా, సూటిగా అడుగుతా. ఆరు వేలలో ఒకటి కోసం ఒక కమిటీ, గంటల కొద్దీ విచారణ అవసరమా? ఆసుపత్రుల లెక్కలు చూసుకోవచ్చు కదా?

అతిథి: ఆసుపత్రుల లెక్క అడిగేవాళ్లకు కొదవలేదు తమ్ముడూ. ఆపరేషన్ ఆర్నెల్లు వాయిదా పడితే ఆ మనిషి తన ఎమ్‌ఎస్‌పీ, అంటే స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యుడి దగ్గరికి వెళ్తాడు, పేపర్లో రాస్తారు, ఎన్నికల్లో చూపిస్తారు. మలావీలో ఒక ప్రాజెక్టుకు డబ్బు తగ్గితే ఆ ఊరి మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆమెకు ఇక్కడ ఓటు లేదు. ఇక్కడి ఓటరుకు అది తగ్గిందని కూడా తెలియదు. చిన్నది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు అనడాన్ని నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఎవరికి అందుతుందో వాళ్ల తరఫున అడిగే నాథుడు లేడు. అందుకే ఆ కమిటీ అడిగి తీరాలి.

ఒక ఉదాహరణ చెప్తా విను. ఆ కమిటీ పేరు రాజ్యాంగం, యూరప్, విదేశీ వ్యవహారాలు, సంస్కృతి కమిటీ. 2021లో మొదలైన ఆరో సభలో కన్వీనర్, అంటే కమిటీని నడిపేవారు, క్లేర్ ఆడమ్సన్. ఎదుట కూర్చున్న మంత్రి ఆంగస్ రాబర్ట్‌సన్. ఆయన శాఖ కూడా అదే కలబోత. కళలకు నిధులిచ్చే క్రియేటివ్ స్కాట్లాండ్ అనే సంస్థ ఈ శాఖ కిందే ఉంది. 2022 డిసెంబరు బడ్జెట్‌లో ఆ సంస్థకు 66 లక్షల పౌండ్లు కోత పెట్టారు. నాటకాలవాళ్లు, సంగీతంవాళ్లు గగ్గోలు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో కోత వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది శరత్కాలంలో, బడ్జెట్ పాసయ్యాక నడిమధ్యలో మళ్లీ అదే 66 లక్షలు కోసేశారు.

హోస్ట్: అదే మొత్తమా?

అతిథి: అక్షరాలా అదే. కమిటీ మంత్రిని పిలిచి నిలదీసింది. ఇక్కడ రెండు సంగతులు చూడాలి. ఒకటి, బడ్జెట్ పాసయితే పని అయిపోయినట్టు కాదు. శరత్కాలంలో ఒకటి, వసంతంలో ఒకటి సవరణలు వస్తాయి, డబ్బు చేతులు మారేది అక్కడే. రెండు, కళాకారులకు నోరుంది. మన సామెత ఉంది కదా, నోరుంటే ఊరు గెలవొచ్చు అని. కమిటీ బడ్జెట్ సమయమంతా ఏటా సంస్కృతి మీదే ఖర్చవుతోంది. వాళ్ల కష్టం నిజమే, నేను కాదనను. కానీ అదే శాఖలో ఉన్న విదేశీ పద్దుకు మిగిలేది ఏ చివరి పావుగంటో.

హోస్ట్: ఆ పద్దు కాగితం మీద ఎలా ఉంటుంది? మీరు అకౌంట్స్ మనిషి కదా, కొంచెం చూపించండి.

అతిథి: బడ్జెట్ పుస్తకంలో శాఖవారీ పట్టిక ఉంటుంది. ఒక్కో వరుస. దాని కింద ఇంకా విడదీసిన లెక్కలు కావాలంటే లెవెల్ ఫోర్ అనే స్ప్రెడ్‌షీట్ విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. అందులో వరుస పేరు, నిరుటి అంకె, ఈ ఏటి అంకె, ఈ డబ్బు దేనికి అనే ఒకటి రెండు వాక్యాలు. అంతే. నిరుడు కోటి, ఈ ఏడు కోటి అని ఉంటే చదివేవాడు పర్లేదు, తగ్గలేదు అనుకుంటాడు. కానీ ధరలు పెరిగాయి కదా. అంకె కదలకుండా ఉంటే లోపల సాయం కరిగిపోతున్నట్టే. దాని మీద ఎవరూ కోత అనే మాట వాడరు. అందుకే ఎవరైనా పక్కన కూర్చుని, పెన్సిల్ పట్టుకుని, ఐదేళ్ల అంకెల్ని ఇవాళ్టి ధరల్లోకి మార్చి చూడాలి. పార్లమెంటు పరిశోధన విభాగం స్పైస్ అని ఒకటుంది, వాళ్లు ఆ పని చేసి సభ్యుల చేతిలో పెడతారు. నాకు ఆ విభాగం మీద ఎంతో గౌరవం.

ఇంకో చిక్కు ఉంది. విదేశీ ఖర్చంతా ఒక్క చోట ఉండదు. పెట్టుబడులు, ఎగుమతుల కోసం పనిచేసే స్కాటిష్ డెవలప్‌మెంట్ ఇంటర్నేషనల్ అనే సంస్థకు ప్రపంచమంతా ఆఫీసులున్నాయి. దాని డబ్బు ఆర్థిక వ్యవహారాల శాఖ కింద. వాతావరణ మార్పుతో దెబ్బతిన్న పేద దేశాలకిచ్చే క్లైమేట్ జస్టిస్ ఫండ్ 2012లో మొదలైంది. 2021లో గ్లాస్గోలో కాప్ 26, అంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు జరిగినప్పుడు దాన్ని ఆరో సభ కాలం మొత్తానికి కలిపి 3.6 కోట్ల పౌండ్లకు పెంచుతామన్నారు. ఆ డబ్బు పర్యావరణం చూసే శాఖ దగ్గర ఉంటుంది. అంటే మలావీకి వెళ్లే సాయమే రెండు శాఖల నుంచి వెళ్లొచ్చు. ఒక్కో కమిటీ తన ముక్క మటుకే చూస్తుంది. అంతా కలిపి ఎంత, ఒకదానికొకటి పొంతన ఉందా అని మొత్తంగా చూసే చోటు లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

హోస్ట్: సరే, కమిటీ తప్పు పట్టిందనుకుందాం. అంకె మార్చే అధికారం ఉందా?

అతిథి: లేదు. బడ్జెట్ బిల్లుకు సవరణ పెట్టే హక్కు మంత్రులకు మాత్రమే. సభ మొత్తంగా కాదనగలదు గానీ, ఒక పద్దులో ఇంత తీసి ఇందులో వేయండి అనలేదు. అందుకని 2017లో బడ్జెట్ ప్రక్రియ సమీక్ష బృందం ఒక దారి చెప్పింది. అంకెలు అచ్చయ్యాక అరిచి లాభం లేదు, ముందే అడగండి అంది. అప్పటి నుంచి కమిటీలు వేసవిలో జనం అభిప్రాయాలు పిలుస్తాయి, సెప్టెంబరు, అక్టోబరుల్లో విచారణ చేస్తాయి. బడ్జెట్‌కు కనీసం ఆరు వారాల ముందు తమ నివేదిక ఇస్తాయి. ప్రభుత్వం దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి.

ఈ కమిటీ మామూలుగా గురువారం పొద్దున కూర్చుంటుంది. గుర్రపు నాడా ఆకారంలో బల్ల, మధ్యలో కన్వీనర్, ఎదురుగా మంత్రి, ఆయనకు అటూ ఇటూ అధికారులు ఫైళ్లతో. మంత్రి "ఈ వివరం తర్వాత రాసి పంపిస్తాం" అంటారు. ఆ ఉత్తరం కూడా వెబ్‌సైట్‌లో పెడతారు. మాట్లాడిన ప్రతి మాటా అఫీషియల్ రిపోర్టుగా అచ్చవుతుంది. నేను విజయవాడలో ఉన్నప్పుడు ఒక పద్దు మీద మంత్రి ఏమన్నాడో కావాలంటే పేపర్ కటింగే దిక్కు. ఇక్కడ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

హోస్ట్: మరి ఆఫీసుల సంగతి? బెర్లిన్ ఆఫీసు వల్ల ఏం ఒరిగిందని ఎలా కొలుస్తారు?

అతిథి: అసలు కష్టం అదే. ఇన్ని సమావేశాలు పెట్టాం, ఇంతమంది అతిథులు వచ్చారు అని చెప్పడం తేలిక. విందుకు ఎంతమంది వచ్చారన్నది ఫలితం కాదు కదా. 2022లో ఈ కమిటీ స్కాట్లాండ్ అంతర్జాతీయ పని మీద ఒక నివేదిక ఇచ్చింది. ప్రాధాన్యాలు ఏమిటి, ఆఫీసులు ఫలానా చోటే ఎందుకు, ఫలితాన్ని ఎలా కొలుస్తున్నారు అనేవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. 2024 జనవరిలో ప్రభుత్వం అంతర్జాతీయ వ్యూహం అని ఒక పత్రం తెచ్చింది. పత్రం వచ్చింది, సంతోషం. ఏ లక్ష్యానికి ఎన్ని పౌండ్లు అనేది దాని పక్కన పెడితే తప్ప నా దృష్టిలో అది సగం పనే.

హోస్ట్: లండన్‌తో గొడవలు కూడా అయ్యాయి కదా?

అతిథి: అయ్యాయి. 2023 ఏప్రిల్‌లో అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి జేమ్స్ క్లెవర్లీ తమ రాయబారులకు ఒక సూచన పంపారు. స్కాట్లాండ్ మంత్రులు బయటి ప్రభుత్వాలతో మాట్లాడితే మన అధికారి పక్కన ఉండాలని. ఆ డిసెంబరులో దుబాయ్ కాప్ 28లో ఫస్ట్ మినిస్టర్ హమ్జా యూసఫ్ బ్రిటన్ అధికారి లేకుండా టర్కీ అధ్యక్షుడు ఎర్దోగన్‌ను కలిశారు. కొత్త విదేశాంగ మంత్రి డేవిడ్ కామెరాన్ గట్టిగా ఉత్తరం రాశారు, మీ విదేశీ పర్యటనలకు మేమిచ్చే సాయం ఆపేయాల్సి వస్తుందని. ఇక చర్చంతా అటు మళ్లింది. స్వాతంత్ర్యం కోరేవాళ్లు ప్రతి పైసాను సమర్థిస్తారు. వద్దనేవాళ్లు ప్రతి పైసా దండగంటారు. ఈ ఆఫీసు ఉండొచ్చా లేదా అనే వాదనలో, ఉన్న ఆఫీసు బాగా పనిచేస్తోందా అనే ప్రశ్న మునిగిపోతుంది. రెండు పక్షాలూ దీనికి బాధ్యులే.

హోస్ట్: మన దగ్గర కూడా ఇలాంటిది చూశాం. 2024 జులైలో కేరళ ప్రభుత్వం విదేశీ సహకారం చూడమని ఒక ఐఏఎస్ అధికారికి బాధ్యత ఇస్తే, కేంద్ర విదేశాంగ శాఖ అది పూర్తిగా మా అధికారం అంది.

అతిథి: అచ్చంగా అదే గొడవ. ఇక 2025 జనవరిలో ఆంధ్ర, తెలంగాణ ముఖ్యమంత్రులిద్దరూ దావోస్ వెళ్లారు. వెళ్లడం తప్పని నేననను, వెళ్లాలి కూడా. కానీ ఒప్పందాల అంకెలు టీవీల్లో వచ్చినట్టు, ఖర్చెంత, రెండేళ్ల తర్వాత అందులో ఎన్ని నేల మీదికి వచ్చాయి అని శాసనసభ కమిటీ ఒకటి బహిరంగంగా, కెమెరాల ముందు, ఏటేటా అడిగితే ఎంత బాగుంటుంది! పార్టీ ఏదైనా సరే.

హోస్ట్: చివరి ప్రశ్న. 2026 మే ఎన్నికలతో వచ్చే సభలో ఈ కమిటీలో మీరు కూర్చుంటే ఏం అడుగుతారు?

అతిథి: ముందు మలావీ గురించే అడుగుతా. బ్రిటన్ తన సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.7 శాతం నుంచి 2021లో 0.5కు దించింది. 2027 కల్లా 0.3కు దించుతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అమెరికా కూడా అదే ఏడాది చేయి వెనక్కి తీసుకుంది. స్కాట్లాండ్ ఇచ్చే కోటి, కోటిన్నర ఆ లోటు పూడ్చదు, అది అందరికీ తెలుసు. అలాంటప్పుడు ఆ కొంచెం డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ పనికొస్తుందో మలావీ వాళ్లనే అడిగారా, అడిగితే ఏమన్నారు, ఆ జవాబు మాకు చూపించండి అంటాను. ఇంకోటి, మూడు శాఖల్లో చెల్లాచెదురుగా ఉన్న విదేశీ ఖర్చును ఒకే పేజీలో, ఐదేళ్లకు, ఇవాళ్టి ధరల్లో ఇవ్వమంటాను. అకౌంటెంట్‌కు అదేమంత పెద్ద పని కాదు, ఒక పూట చాలు.

హోస్ట్: బయటివాళ్లు కూడా కమిటీకి రాయొచ్చా?

అతిథి: వేసవిలో పిలుపు వచ్చినప్పుడు ఎవరైనా రాయొచ్చు. పౌరసత్వం అడగరు. గ్లాస్గోలో చదువుకుంటున్న మన పిల్లలు రాయొచ్చు, మలావీ బ్లాంటైర్‌లో ఉన్న టీచరమ్మా రాయొచ్చు. బడ్జెట్ అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ పిలుపుకే రాయండి, మార్చగలిగేది అప్పుడే.